హారంలో ఎవరున్నారు? అర్థశాస్త్ర విద్యార్థుల గణాంక సందేహాలు

డిగ్రీ మొదటి ఏడాది అర్థశాస్త్రంతో పాటు గణాంకశాస్త్రం చదువుతున్న విద్యార్థులు పంపిన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తం కేటాయించాం. సూత్రం గుర్తుండక అడిగినవాళ్లు తక్కువ. లెక్క వచ్చాక ఆ అంకెకు అర్థమేమిటని అడిగినవాళ్లే ఎక్కువ. ఈ చదువుకు అసలు కావలసింది ఆ ప్రశ్నే. ఫలానా సర్వే, ఫలానా జనగణన అని చెప్పినచోట తప్ప, కింది ఉదాహరణల్లోని అంకెలన్నీ లెక్క తేలిగ్గా సాగడానికి మేం వేసుకున్నవి. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం మూడూ కేంద్రీయ స్థాన విలువలే అంటారు. ఒకే దత్తాంశానికి మూడు వేర్వేరు జవాబులు వస్తుంటే ఏది రాయాలి? (బి.ఏ. విద్యార్థిని, తెనాలి)

జవాబు: తొమ్మిది కుటుంబాల నెల ఆదాయం వేల రూపాయల్లో ఇలా ఉందనుకోండి: 8, 9, 10, 10, 11, 12, 13, 15, 92. మొత్తం 180. తొమ్మిదితో భాగిస్తే అంకమధ్యమం 20 వేలు. వరుసలో అయిదోది 11 వేలు, అది మధ్యగతం. రెండుసార్లు వచ్చింది 10 వేలు, అది బాహుళకం.

ఇప్పుడు ఆ 20 వేల దగ్గర ఎవరున్నారో చూడండి. ఎవరూ లేరు. తొమ్మిదిలో ఎనిమిది కుటుంబాలు సగటుకు కిందే ఉన్నాయి. చివరి కుటుంబాన్ని తీసేస్తే అంకమధ్యమం 20 నుంచి 11కు పడిపోతుంది. మధ్యగతం మాత్రం 11 నుంచి 10.5కు జరుగుతుంది, అంతే. ఒక్క పెద్ద విలువ అంకమధ్యమాన్ని ఎంత దూరం లాగగలదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అలాగని అంకమధ్యమం పనికిరాదని రాసేయకండి. 20ని 9తో గుణిస్తే 180 వస్తుంది, అంటే ఊరి మొత్తం ఆదాయానికి తిరిగి వెళ్లగలిగాం. మధ్యగతాన్ని 9తో గుణిస్తే వచ్చే 99కి ఏ అర్థమూ లేదు. పన్ను రాబడి ఎంత, బియ్యం ఎన్ని క్వింటాళ్లు కావాలి, మొత్తం గిరాకీ ఎంత అనే ప్రశ్నలకు అంకమధ్యమం కావాలి. ఊళ్లో నడిమి కుటుంబం ఎలా ఉందంటే మధ్యగతం కావాలి. చెప్పుల కొట్టుకు ఏ సైజు ఎక్కువ తెప్పించాలంటే బాహుళకం. పరీక్షలో ఏది రాయాలో ప్రశ్నలోని అవసరమే చెబుతుంది.

కేంద్ర గణాంక శాఖ 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో సగటు తలసరి నెల వ్యయం గ్రామాల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. ఇవి అంకమధ్యమాలు. హారంలో ఉన్నవి కుటుంబాలు కావు, మనుషులు, చంటిపిల్లలతో సహా. నలుగురున్న గ్రామీణ కుటుంబానికి ఆ లెక్కన 4,122 × 4 = 16,488 రూపాయలవుతుంది. ‘గ్రామీణ కుటుంబం నెలకు నాలుగు వేలతో గడుపుతోంది’ అని రాశారంటే హారం మార్చేసినట్టే. ఇంకో సంగతి, ఇది ఖర్చు, ఆదాయం కాదు. పైగా ప్రభుత్వ పథకాల కింద ఉచితంగా అందిన వస్తువుల విలువ ఇందులో లేదు. దాన్ని కలిపి వేసిన అంకెలు 4,247, 7,078. ఏ జత వాడుతున్నారో జవాబులోనే చెప్పండి.

ప్రశ్న: వర్గీకృత దత్తాంశంలో మధ్యగతం లెక్క. రోజు కూలి 300–399 వచ్చేవాళ్లు 6, 400–499 వచ్చేవాళ్లు 14, 500–599 వాళ్లు 20, 600–699 వాళ్లు 7, 700–799 వాళ్లు 3. సూత్రం సరిగ్గానే వేశాను, 424.5 వచ్చింది. తప్పన్నారు. ఎక్కడ? (డిగ్రీ విద్యార్థి, నల్గొండ)

జవాబు: ముందు సంచిత పౌనఃపున్యాలు, అంటే మొదటి తరగతి నుంచి కూడుకుంటూ వచ్చిన మంది సంఖ్యలు, రాయండి: 6, 20, 40, 47, 50. చివరిది మొత్తం మందికి, అంటే 50కి, సమానంగా ఉందో లేదో చూసుకోండి. అందులో సగం 25. సంచిత పౌనఃపున్యం 25ను మొదట దాటేది 500–599 తరగతిలో. అదే మధ్యగత తరగతి.

ఇక్కడ మూడు అంకెలు జాగ్రత్తగా ఎంచుకోవాలి. దిగువ హద్దు 500 కాదు, 499.5. ఎందుకంటే 499కీ 500కీ మధ్య ఒక ఖాళీ ఉంది, దాన్ని చెరిసగం పంచాలి. తరగతి పొడవు 99 కాదు, 599.5 లోంచి 499.5 తీస్తే వచ్చే 100. మూడోది, తీసివేయాల్సిన సంచిత పౌనఃపున్యం మధ్యగత తరగతికి ముందు తరగతిది, అంటే 20. ఇవి వేస్తే 499.5 + (25 − 20) ÷ 20 × 100 = 524.5.

మీరు 20 బదులు మధ్యగత తరగతి ఎదురుగా ఉన్న 40 తీసేశారు. 25లోంచి 40 పోతే రుణసంఖ్య వచ్చి, 499.5 లోంచి 75 తగ్గి 424.5 అయింది. రుణసంఖ్య కనబడగానే ఆగాల్సింది. 424.5 అసలు మధ్యగత తరగతిలోనే లేదు. ఈ ఒక్క పరీక్ష చాలా తప్పులు పట్టిస్తుంది, కానీ అన్నింటినీ పట్టించదు. ముందు తరగతి సంచిత పౌనఃపున్యం 20కి బదులు దాని మామూలు పౌనఃపున్యం 14 తీసేస్తే 554.5 వస్తుంది. అది తరగతిలోనే ఉంటుంది, అయినా తప్పే. కాబట్టి సూత్రం వేసేముందే మాటల్లో అనుకోండి: ‘500కు లోపల 20 మంది ఉన్నారు. నాకు 25వ స్థానం కావాలి. ఇంకో 5 మంది కావాలి. ఈ తరగతిలో 20 మంది ఉన్నారు. అంటే పావు దూరం వెళ్లాలి. నూటికి పావు 25.’ ఇలా అనుకుంటే సూత్రం మరిచిపోయినా లెక్క చేయగలరు, ఎందుకంటే సూత్రం చెప్పేది కూడా ఇదే.

చివరి తరగతిని ‘700 ఆపైన’ అని ఇచ్చినా మీ మధ్యగతం మారదు, ఆ తరగతి జోలికే మనం వెళ్లలేదు. అంకమధ్యమానికి మాత్రం ఆ తరగతి మధ్య విలువ కావాలి, అది తెలియదు. ఆదాయాల పట్టికల్లో చివరి తరగతి సాధారణంగా ఇలా తెరిచే ఉంటుంది. అక్కడ మధ్యగతం వాడడానికి అదొక కారణం.

ప్రశ్న: సోపాన చిత్రంలో అన్నిటికంటే ఎత్తైన దిమ్మె 10–30 వేల తరగతికి వచ్చింది. అదే బాహుళక తరగతి అని రాస్తే మార్కులు పోయాయి. (ఇంటర్ పూర్తిచేసి డిగ్రీలో చేరిన విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: మీ పట్టికలో 0–5 వేల తరగతిలో 30 కుటుంబాలు, 5–10లో 40, 10–30లో 60 ఉన్నాయి. తరగతి పొడవులు 5, 5, 20. పొడవులు సమానంగా లేనప్పుడు దిమ్మె ఎత్తుగా పౌనఃపున్యం పెట్టకూడదు. పౌనఃపున్యాన్ని పొడవుతో భాగించి పెట్టాలి. అప్పుడు ఎత్తులు 6, 8, 3. బాహుళక తరగతి 5–10. పెద్ద గంపలో ఎక్కువ కాయలు పట్టినంత మాత్రాన అక్కడ కాపు ఎక్కువని కాదు గదా.

ప్రశ్న: టమాటా ధరలు అయిదు వారాలకు 20, 24, 30, 36, 40. క్రమవిచలనం పుస్తకంలో 7.38 అని ఉంది. నా కాలిక్యులేటర్ 8.25 చూపిస్తోంది. ఏది తప్పు? (బి.కాం. నుంచి బి.ఏ.కు మారిన విద్యార్థి, తిరుపతి)

జవాబు: రెండూ తప్పు కావు. హారాలు వేరు.

సగటు 30. విచలనాలు −10, −6, 0, 6, 10. వీటిని కూడితే సున్నా. ఎప్పుడు కూడినా సున్నాయే, అందుకే వర్గాలు చేస్తాం: 100, 36, 0, 36, 100. మొత్తం 272. దీన్ని 5తో భాగిస్తే విస్తృతి 54.4, దాని వర్గమూలం 7.38. 4తో భాగిస్తే 68, వర్గమూలం 8.25. మీ దగ్గరున్న అయిదు వారాలే మీకు కావలసిన మొత్తమైతే 5తో భాగించండి. ఈ అయిదు వారాలు ఏడాది మొత్తానికి శాంపిల్ అయి, ఏడాది ధరల ఊగిసలాటను అంచనా వేయాలంటే 4తో భాగించండి.

ఒకటి ఎందుకు తగ్గించాలి? శాంపిల్ సగటు ఆ శాంపిల్ విలువల మధ్యలోనే కూర్చుంటుంది కాబట్టి దాని చుట్టూ తీసిన విచలన వర్గాల మొత్తం అన్నిటికంటే చిన్నదవుతుంది. ఏడాది అసలు సగటు 32 అనుకోండి. దాని చుట్టూ లెక్కిస్తే మొత్తం 272 కాదు, 272 + 5 × 4 = 292. అసలు సగటు మనకు తెలియదు గనక 272తో సరిపెట్టుకుంటున్నాం. ఆ తగ్గుదలను సరిచేయడానికి హారాన్నీ ఒకటి తగ్గిస్తాం. ఇంకోలా చెప్పాలంటే, విచలనాల మొత్తం సున్నా కావాలి కాబట్టి నాలుగు తెలిస్తే అయిదోది దానంతటదే తేలిపోతుంది. స్వేచ్ఛగా మారగలిగేవి నాలుగే.

కాలిక్యులేటర్లో రెండూ ఉంటాయి. పాత కాసియో మోడళ్లలో ‘సిగ్మా ఎన్’, ‘సిగ్మా ఎన్ మైనస్ 1’ అని, కొత్తవాటిలో ‘సిగ్మా ఎక్స్’, ‘ఎస్ ఎక్స్’ అని చూపిస్తాయి. ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ డాట్ పీ మొత్తానికి, డాట్ ఎస్ శాంపిల్‌కు. ఎఫ్‌ఎక్స్-82 ఎంఎస్ వాడేవాళ్లు కొత్త లెక్క మొదలుపెట్టేముందు షిఫ్ట్, మోడ్, 1, సమానం నొక్కి పాత అంకెలు చెరిపేయాలి. లేకపోతే నిన్నటి లెక్క ఇవాళ్టి లెక్కలో కలిసిపోతుంది. అందుకే ఫలితం చూసేముందు ఎన్ని విలువలు ఎక్కాయో ‘ఎన్’ తెరిచి చూడండి. అయిదు ఎక్కిస్తే అయిదే ఉండాలి.

వర్గాల సగటులోంచి సగటు వర్గం తీసే దగ్గరి దారి కూడా ఉంది: 4,772 ÷ 5 = 954.4. అందులోంచి 900 తీస్తే 54.4. ఈ దారిలో వెళ్లేవాళ్లు సగటును మధ్యలో దశాంశాలు కుదించి సవరించకూడదు. రెండు పెద్ద అంకెల తేడా చిన్నదిగా ఉన్నప్పుడు దశాంశాల్లో చేసిన చిన్న సవరణ కూడా జవాబును తినేస్తుంది. ఒక్కోసారి విస్తృతి రుణసంఖ్య అవుతుంది, అది అసాధ్యం.

మీరు అడగకపోయినా ఒకటి కలుపుతున్నాం. అదే అయిదు వారాలు బియ్యం కిలో 50, 51, 52, 53, 54 అయితే సగటు 52, క్రమవిచలనం 1.41. టమాటా, బియ్యం రెండింటి నిలకడ పోల్చాలంటే క్రమవిచలనాన్ని సగటుతో భాగించి నూటితో గుణించండి. టమాటాకు 24.6, బియ్యానికి 2.7 శాతం. ఇదే విచలన గుణకం. సగటు సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు, లేదా విలువల్లో లాభాలూ నష్టాలూ కలిసి ఉన్నప్పుడు దీన్ని వాడకండి. హారం చిన్నదై అంకె అర్థం లేకుండా ఉబ్బిపోతుంది.

ప్రశ్న: దేశ జనాభా పదేళ్లలో 17.7 శాతం పెరిగితే ఏడాదికి 1.77 అనొచ్చా? గుణమధ్యమం, హరమధ్యమం అసలు ఎక్కడ అవసరం? (అర్థశాస్త్ర విద్యార్థులు, కర్నూలు)

జవాబు: అనకూడదు. జనగణన ప్రకారం 2001లో 102.87 కోట్లు, 2011లో 121.09 కోట్లు. నిష్పత్తి 1.1771. ఏడాదికి 1.77 చొప్పున పదేళ్లు చక్రవృద్ధిలో పెంచి చూడండి, 122.6 కోట్లు వస్తుంది. లేని కోటిన్నర మందిని చేర్చినట్టవుతుంది. ఎందుకంటే ప్రతి ఏడాదీ హారం మారుతుంది. రెండో ఏడాది పెరుగుదల 2001 జనాభా మీద కాదు, 2002 జనాభా మీద. సరైన దారి నిష్పత్తికి పదో మూలం తీయడం. లాగరిథమ్‌తో అయితే 1.1771 లాగ్ 0.0708, పదితో భాగిస్తే 0.00708, ప్రతిలాగ్ 1.0164. ఏడాదికి 1.64 శాతం. ఇక్కడ మూలం పదోదే, పదకొండోది కాదు. 2001 నుంచి 2011 దాకా రాస్తే సంవత్సరాల పేర్లు పదకొండు, వాటి మధ్య అంతరాలు పది.

గుణమధ్యమం విలువ ఇంకా బాగా కనిపించేది ఎగుడుదిగుళ్లలో. ఒక ధర 50 శాతం పెరిగి, మర్నాడు 50 శాతం తగ్గితే 100 కాస్తా 150 అయి, 75కు దిగుతుంది. మామూలు సగటు సున్నా అంటుంది, చేతిలో మాత్రం పాతిక పోయింది. 1.5 × 0.5 = 0.75, దాని వర్గమూలం 0.866. అంటే సగటున రోజుకు 13.4 శాతం తగ్గుదల.

హరమధ్యమానికి బజారు ఉదాహరణ. 600 రూపాయలు పెట్టి కిలో 20 చొప్పున ఉల్లిపాయలు కొన్నారు, 30 కిలోలు వచ్చాయి. ఇంకో 600 పెట్టి కిలో 30 చొప్పున కొన్నారు, 20 కిలోలు. మొత్తం 1,200 రూపాయలకు 50 కిలోలు, సగటు ధర 24, పాతిక కాదు. ప్రతిసారీ ఒకే డబ్బు పెడితే హరమధ్యమం. ప్రతిసారీ ఒకే తూకం కొంటే అంకమధ్యమం, అప్పుడు 25 సరైనదే. ఏ మధ్యమం వాడాలో తేల్చుకోలేకపోతే, పైన మొత్తం డబ్బు, కింద మొత్తం కిలోలు వేసి భాగించండి. పేరు తర్వాత పెట్టొచ్చు.

ప్రశ్న: ద్రవ్యోల్బణం 6 నుంచి 4కు తగ్గితే 2 శాతం తగ్గినట్టా? ధరలు తగ్గినట్టేనా? (విద్యార్థిని, సిద్దిపేట)

జవాబు: 2 శాతం పాయింట్లు తగ్గింది. శాతంలో చెప్పాలంటే 6లో 2, అంటే 33.3 శాతం తగ్గింది. ధరలు తగ్గలేదు. 100 రూపాయల సరుకు మొదటి ఏడాది 106, రెండో ఏడాది 110.24 అయింది. తగ్గింది పెరిగే వేగం.

ప్రశ్న: వినియోగదారుల ధరల సూచీ పెద్దగా పెరగలేదంటారు. మా ఇంట్లో ఖర్చు మాత్రం బాగా పెరిగింది. సూచీ తప్పా? లాస్పియర్, పాశ్చే సూత్రాల తేడా కూడా చెప్పండి. (బి.ఏ. విద్యార్థి, అనంతపురం)

జవాబు: ఒక చిన్న ఇల్లు తీసుకుందాం. ఆధార సంవత్సరంలో నెలకు 25 కిలోల బియ్యం కిలో 40 చొప్పున, 4 లీటర్ల నూనె 100 చొప్పున, 60 బస్సు ప్రయాణాలు 10 చొప్పున. ఖర్చు 1,000 + 400 + 600 = 2,000. ఇప్పుడు బియ్యం 48, నూనె 150, బస్సు ఛార్జీ పదే. పాత పరిమాణాలే కొంటే 1,200 + 600 + 600 = 2,400. సూచీ 120. ఇది లాస్పియర్.

మూడు ధరల నిష్పత్తులు 120, 150, 100. వీటిని ఊరికే కూడి మూడుతో భాగిస్తే 123.3 వస్తుంది, అది తప్పు. నూనె మీద పెట్టేది ఖర్చులో అయిదో వంతే. భారాలు, అంటే పాత ఖర్చులో ఒక్కోదాని వాటా, 50, 20, 30 శాతం వేసి కూడితే 60 + 30 + 30, మళ్లీ 120 వస్తుంది. పరిమాణాలతో చేసినా భారాలతో చేసినా ఒకటే రావాలి. రాకపోతే భారాలు కొత్త ఖర్చులోంచి తీశారేమో చూసుకోండి. లాస్పియర్‌కు భారాలు ఆధార సంవత్సరపు ఖర్చులోంచే తీయాలి.

నూనె ఖరీదైందని ఆ ఇల్లు 3 లీటర్లకు తగ్గించి, ప్రయాణాలు 66 చేసిందనుకోండి. ఈ కొత్త పరిమాణాలకు పాత ధరల్లో 1,960, కొత్త ధరల్లో 2,310. సూచీ 117.9. ఇది పాశ్చే. ఖరీదైనదాన్ని జనం తగ్గించుకుంటారు గనక మామూలుగా లాస్పియర్ పైన, పాశ్చే కింద ఉంటాయి. రెండింటి గుణమధ్యమం 118.9, అది ఫిషర్ సూచీ. ప్రతి నెలా ఇంటింటి కొనుగోళ్ల పరిమాణాలు సేకరించడం సాధ్యం కాదు. నెలనెలా ప్రకటించే సూచీలు లాస్పియర్ దారిలో నడవడానికి కారణం అదే.

ఇక మీ ఇంటి సంగతి. 2012 ఆధారంగా వేసిన అఖిల భారత సూచీలో ఆహారం, పానీయాల భారం గ్రామాలకు 54.18, పట్టణాలకు 36.29, రెండూ కలిపితే 45.86. మీ ఇంట్లో ఆహారానికి 65 శాతం పోతుంటే, కూరగాయల ధరలు పెరిగినప్పుడు మీకు తగిలే దెబ్బ సూచీ చూపేదానికంటే ఎక్కువే ఉంటుంది. సూచీ తప్పు కాదు, అది మీ ఇంటిది కాదు, అంతే. మీ ఇంటి నెల ఖర్చును ఏడెనిమిది పద్దుల కింద రాసి, మీ సొంత భారాలతో సూచీ కట్టి చూడండి. ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి విషయం దొరకదు. ఆధార సంవత్సరం మారిన ప్రతిసారీ భారాలూ మారతాయి కాబట్టి ఏ శ్రేణి అంకెలు తీసుకున్నారో పక్కన తప్పక రాయండి.

ప్రశ్న: కరువు భత్యం లెక్కకు వాడే కార్మికుల సూచీ మూడు వందలు దాటి ఉండేది. 2020లో ఒక్కసారిగా నూట పదుల్లోకి వచ్చింది. అంత పడిందా? (ఉద్యోగి కుమార్తె, విజయనగరం)

జవాబు: పడలేదు. పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీకి ఆధార సంవత్సరం 2001 నుంచి 2016కు మారింది. లేబర్ బ్యూరో ఇచ్చిన అనుసంధాన గుణకం 2.88. కొత్త శ్రేణిలో 120 అంటే పాత శ్రేణిలో 120 × 2.88 = 345.6. రెండు శ్రేణులనూ ఒకే గ్రాఫులో గీయాలంటే ముందు ఈ గుణకంతో ఒక ఆధారానికి తేవాలి.

ప్రశ్న: సహసంబంధ గుణకం సున్నా వస్తే రెండు చలరాశులకు సంబంధం లేదని రాయొచ్చా? 0.9 దాటితే కారణం దొరికినట్టేనా? (డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: రెండూ రాయొద్దు. ఎరువు మోతాదు 0, 50, 100, 150, 200 కిలోలకు దిగుబడి 20, 32, 36, 32, 20 బస్తాలు అనుకోండి. గుణకం కట్టి చూడండి, సరిగ్గా సున్నా వస్తుంది. సంబంధం లేకనా? ఉంది, చాలా గట్టిగా ఉంది. వంద దాకా పెరిగి, అక్కణ్నుంచి తగ్గుతోంది. గుణకం కొలిచేది సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే. కాబట్టి ముందు చుక్కల చిత్రం గీయండి, గుణకం తర్వాత. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు చిన్న దత్తాంశాలు తయారుచేసి చూపించారు. నాలుగింటికీ సగటులు, విస్తృతులు, ప్రతిగమన రేఖ దాదాపు ఒకటే, గుణకం అన్నింటికీ సుమారు 0.82. చిత్రాలు గీస్తే ఒకటి మామూలు చెదురు, ఒకటి వంపు, మిగిలిన రెండింటిలో ఒక్కో దూరపు చుక్క రేఖ దిశను మార్చేసింది.

0.9 సంగతి. ఏటా పెరిగే ఏ రెండు వరుసలు తీసుకున్నా, ఉదాహరణకు మొబైల్ కనెక్షన్లు, పాల ఉత్పత్తి, గుణకం పెద్దగానే వస్తుంది. రెండింటినీ నడిపిస్తున్నది కాలం. ఒక చిన్న పరీక్ష చేయండి. స్థాయిల బదులు ఏటేటా వచ్చిన మార్పులు తీసుకుని మళ్లీ గుణకం కట్టండి. చాలాసార్లు ఆ 0.9 కరిగిపోతుంది. కరగకపోయినా ఏది కారణం, ఏది ఫలితం అన్నది గుణకం చెప్పదు, ఆ పని అర్థశాస్త్రం చేయాలి.

ప్రశ్న: ప్రాజెక్టుకు 30 ఇళ్ల సర్వే చేయమన్నారు. స్నేహితులంతా వాట్సాప్ ఫారం పంపితే 500 మంది నింపుతారు, అదే మేలంటున్నారు. (బి.ఏ. విద్యార్థి, కాకినాడ)

జవాబు: 30 ఇళ్లే చేయండి. అమెరికాలో 1936 అధ్యక్ష ఎన్నికకు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. వాటిని లెక్కపెట్టి లాండన్ గెలుస్తారంది. 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్ట్ గెలిచారు. చిరునామాలు టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నారు. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది కలిగినవాళ్లకే. పైగా కార్డు తిప్పి పంపాలన్న పట్టుదల ఉన్నవాళ్లే పంపారు. ఎంపికలో ఒక వైపు మొగ్గు ఉంటే, శాంపిల్ పెంచినకొద్దీ తప్పుడు జవాబు మీద మన నమ్మకం పెరుగుతుంది, అంతే. మీ వాట్సాప్ ఫారంలో స్మార్ట్‌ఫోన్ లేని ఇల్లు, తెలుగు చదవలేని అవ్వ ఉండరు. ఖర్చుల సర్వేకు వాళ్లే ముఖ్యం.

ఇలా చేయండి. వీధుల వారీగా ఇళ్ల జాబితా రాయండి. 240 ఇళ్లున్నాయనుకోండి. 30 కావాలంటే ప్రతి ఎనిమిదో ఇల్లు. 1 నుంచి 8 దాకా చీటీలు వేసి ఒకటి తీయండి. 5 వస్తే 5, 13, 21, 29... ఇలా వెళ్లండి. తాళం ఉంటే పక్కింటికి వెళ్లకండి. ఇంకో పూట, ఇంకో రోజు మళ్లీ వెళ్లండి. పగలు పదకొండింటికి తాళం ఉండేది కూలికి వెళ్లినవాళ్ల ఇంటికే. పక్కింటితో సరిపెట్టుకుంటే కూలీలందరూ మీ సర్వేలోంచి జారిపోతారు. ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని జవాబిచ్చాయి అన్న రెండు అంకెలూ నివేదిక మొదటి పేజీలో ఉండాలి.

శాంపిల్ పెంచితే లాభం లేదని కాదు. చీటీ ఎంపిక సరిగ్గా ఉంటే, అవును-కాదు ప్రశ్నకు వచ్చే శాతంలో పొరపాటు అవకాశం 400 మందితో సుమారు 5 శాతం పాయింట్లు అటూ ఇటూ, 1,600 మందితో 2.5. సగం తగ్గడానికి నాలుగింతల మంది కావాలి, ఎందుకంటే హారంలో ఉన్నది మంది సంఖ్య కాదు, దాని వర్గమూలం. ఇచ్చిన శాంపిల్‌తో, పక్షపాతం లేని అంచనాకు ఊగిసలాట ఎంతకంటే తగ్గదో చూపే కనిష్ఠ హద్దు ఒకటుంది. దాన్ని 1945లో నిరూపించింది మన సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చదివి, మహలనోబిస్ 1931లో కలకత్తాలో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లారు. ఆ నిరూపణ నాటికి ఆయన వయసు పాతికేళ్ల లోపే. పైతరగతుల్లో ఈ హద్దు క్రామర్-రావు పేరుతో ఎదురైనప్పుడు ఈ వర్గమూలం గుర్తుచేసుకోండి.

ప్రశ్న: పది ఇళ్లలో రెండిళ్లు ఆదాయం చెప్పలేదు. ఎక్సెల్‌లో సున్నా వేశాను. పర్లేదా? (విద్యార్థిని, వరంగల్)

జవాబు: సున్నా తీసేసి గడి ఖాళీగా వదలండి. ఎనిమిది ఇళ్ల మొత్తం 96,000 అయితే సగటు 12,000. సున్నాలు వేస్తే ఎక్సెల్ పదితో భాగించి 9,600 చూపిస్తుంది. ఖాళీ గడిని అది హారంలో లెక్కపెట్టదు, సున్నాను లెక్కపెడుతుంది. నిజంగానే ఆ నెల ఆదాయం లేని ఇల్లుంటే మాత్రం సున్నా వేసి తీరాలి, దాన్ని వదిలేస్తే సగటు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ‘చెప్పలేదు’కు 99, 999 లాంటి గుర్తులు వేసుకునే అలవాటుంటే సగటు కట్టేముందు వాటిని తీసేయండి, లేదంటే వయసుల వరుసలో 99 ఏళ్ల ముసలివాళ్లు పుట్టుకొస్తారు. చెప్పని రెండిళ్లు ఏ వీధివో, పెంకుటిళ్లో మేడలో పక్కన రాసిపెట్టుకోండి. రెండూ మేడలే అయితే మీ 12,000 అసలు సగటు కంటే తక్కువై ఉండే అవకాశం ఎక్కువ.